కొండమీది కొత్త కాపురము

నల్లరేగడి నేలపై బుట్టి పెరిగిన కృష్ణా మండలవాసికి కొండ యనగా దర్శనార్థము మెట్లెక్కి దిగివచ్చు తావేగాని కాపురముండు చోటు గాదు. కావుననే మా మిత్రులొకరు బెజవాడ యంచున కొండవాలుపై ఉక్కు చట్రముతో, నిలువెత్తు గాజు కిటికీలతో గట్టించిన చిన్నయింట ఇటీవల పాలు పొంగించిరన్న వార్త ఈ సంచికకు బీజమైనది. రేగడి వానకుబ్బి, యెండకు బీటలువారి పునాదులను గదల్చును. రాతికా చాపల్యము లేదు, కాని పగలు త్రాగిన యెండను అది రాత్రి చాలసేపటివరకు విడుచుచునే యుండును. అందుచే పడమటి గాజునకు పెడన కలంకారీ తెరలు వ్రేలాడదీసిరి. తాతగారినాటి టేకు పందిరిమంచము మెట్ల మలుపున బట్టక క్రిందనే నిలిచిపోయెను. తెల్లపొణికి కొయ్యతో జేసిన కొండపల్లి బొమ్మలు మాత్రము, తేలిక గనుక, అన్నిటికంటె ముందు చేరినవి.

అయితే ఈ నగరమున కొండలపై నుండువారిలో ననేకులు అభిరుచిచే గాక, క్రింద స్థలము కొనజాలక యెక్కినవారు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురమున కొండచరియలు విరిగి యిండ్లపై బడి ప్రాణములు హరించినవి; ఆ మరునాటికే బుడమేరు వాగు పల్లపు పేటలను ముంచెను. కావున నీ సంచికలో గృహాలంకరణముతోబాటు అడ్డుగోడలను, వాననీటి కాలువలను గూర్చియు వ్రాయించితిమి; సోఫా యెంపికకంటె నవియే ముందుగా జదువదగినవని మా యభిప్రాయము.