గోలీ కాదు, పీల్చే మందు

జహీరాబాద్ చుట్టుపక్కల ఆయాసాన్ని 'దమ్ము' అంటారు. దమ్ముతో దవాఖానకు వచ్చిన పెద్దాయన మొదటి మాట తరచూ ఒకటే: "పంపు వద్దు సారూ, గోలీ రాయి." పంపు, అంటే ఇన్‌హేలర్, ఒకసారి పడితే ఇక విడవదని భయం. ఇన్‌హేలర్‌లో వేసి పీల్చమని ఇచ్చిన క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసినవాళ్లూ ఉన్నారు. చూస్తే అచ్చం గోలీయే కదా! తప్పు వాళ్లదని నేననను.

ఇక్కడ సంగతి ఇలా ఉంటే, యూరప్‌లో 2019 నుంచి ఒక కంపెనీ మళ్లీ మళ్లీ వాడుకునే ఇన్‌హేలర్ అమ్ముతోంది. ఒకే పరికరానికి ఆరు మందు గొట్టాల దాకా మార్చుకోవచ్చు, ప్లాస్టిక్ చెత్త తగ్గుతుంది. మామూలు స్ప్రే పంపుది ఇంకో బాధ. అందులో మందును తోసే గ్యాస్, కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

సంతోషమే. కానీ మన మందుల షాపుల్లో రోటాహేలర్ ఎన్నో ఏళ్లుగా ఉంది. ప్రతిసారీ పరికరం అదే, క్యాప్సూల్ ఒక్కటే కొత్తది. తిప్పితే క్యాప్సూల్ రెండుగా విడిపోతుంది, పొడి మన ఊపిరితోనే లోపలికి పోతుంది. గ్యాస్ లేదు.

చిక్కంతా ఆ ఊపిరి దగ్గరే. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ఊదిన అవ్వకూ, బీడీలు కాల్చి ఊపిరితిత్తులు పాడైన తాతకూ గట్టిగా పీల్చే శక్తి ఉంటుందా? లేకపోతే పొడి రోటాహేలర్ గొట్టంలోనే మిగులుతుంది. అలాంటివారికి స్పేసర్, అంటే బోలు డబ్బా, తగిలించిన స్ప్రే పంపే మేలు. భూమి పేరు చెప్పి అందరి పంపులూ లాక్కోవడం నాకు నచ్చదు. ఇంకొకటి, వానాకాలంలో రోటాహేలర్ క్యాప్సూళ్లు ముందే విప్పి పెడితే చెమ్మకు పొడి ముద్ద కడుతుంది. ఈ సంగతి చెప్పేదెవరు?

2016 నాటికి దేశంలో దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, అంటే సీఓపీడీ, ఉన్నవాళ్లు దాదాపు ఐదున్నర కోట్లని అంచనా. బీపీ, షుగర్ గోలీలు ఇచ్చే ప్రతి సర్కారు దవాఖానలోనూ ఈ క్యాప్సూళ్లు ఎప్పుడూ ఉండాలి. పీల్చి చూపించే మనిషీ ఉండాలి. రెండోదే ముఖ్యం.

మీ ఇంట్లో రోటాహేలర్ వాడే తాత ఉంటే రేపు మీ ముందే పీల్చమనండి. పీల్చాక పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి, తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. గొట్టంలో పొడి మిగిలితే మందు ఆపకండి, డాక్టర్ దగ్గరికి ఆ గొట్టాన్నే పట్టుకెళ్లండి.