లెక్కలెరిగినవానిని పోగొట్టుకొనకుడు



చెరువు నిండని యేడు నీరుగంటికి మేర యెందులకని మాన్పించిన యూరిని తలచుకొనుడు. మరుసటి యేడు చెరువు నిండును. ఏ తూము ఎప్పుడు తీయవలయునో, ఏ మడికెంత నీరు పారవలయునో చెప్పువాడుండడు. తూము చెక్కుచెదరక యున్నను నీరు తగవులపాలగును.

వ్యయము తగ్గింపదలచిన కంపెనీలు కంప్యూటరు శాఖ విషయమున నిట్లే పొరపడుచుండును. ఆ పని సరిగా సాగినంతకాలము ఎవరికిని కనబడదు. కనబడని పనికి జీతమెందులకని తోచును. మనుష్యులు తగ్గుదురు గాని పని తగ్గదు. మిగిలినవారు నాటి పని నాడు గడుపుటతోనే అలసి, దిద్దుబాట్లను వాయిదా వేయుదురు.

ఇది పట్టణముల మాట యని త్రోసివేయకుడు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దుచేసెను. వంశపారంపర్యపు పెత్తనము పోవుట న్యాయమే. కాని అడంగలులో వ్రాయని సంగతులు పెక్కు కరణముతోనే పోయెను. 2020లో తెలంగాణము గ్రామ రెవెన్యూ అధికారులను తొలగించి, ధరణిని నెలకొల్పెను. అందలి తప్పులు దిద్దించుకొనుటకు రైతులు ఊరు విడిచి పై కచ్చేరులకు తిరిగిరి. 2025లో ధరణికి బదులు భూభారతి వచ్చెను. పూర్వోద్యోగులనుండియే గ్రామపాలనాధికారులను మరల నియమింపవలసి వచ్చెను.

ఇక మన సంగతి. 2022లో కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో కంప్యూటర్లు నెలకొల్పుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించెను. ఇది మేలైన పని. అయితే యంత్రము వచ్చెను గనుక గుమాస్తా యక్కరలేదను మాటకు నేనొప్పను. వేరుసెనగ యెండిన యేట గడువు పెంచిన బాకీ, తండ్రి పేరినుండి కొడుకు పేరికి మారిన ఖాతా, వీనిని యంత్రము తనంతట తానెరుగదు. తప్పు అంకె నెక్కించినచో, ఆ తప్పునే నెలనెలయు చక్కగా అచ్చువేయును.

కావున సర్వసభ్య సమావేశమున మూడు సంగతులు కోరుడు. పాత లెడ్జరును కంప్యూటరు లెక్కతో సరిచూచి సంతకములు చేయువరకు గుమాస్తాను కదలింపరాదు. ఆ పని యిద్దరికైనను తెలిసియుండవలయును. ప్రతి సభ్యుడును తన ఖాతా నకలును ఏటేట చేతికి తీసికొని చదివించుకొనవలయును.

ఎంతటి కరవు వచ్చినను విత్తనకాయలను వండుకొని తినని సీమ మనది. లెక్కలెరిగిన మనిషి సంఘమునకు విత్తనకాయ వంటివాడు.