మలావీ కందుల బేరం: ధర దగ్గర, రేవు దూరం

అచ్చంపేట: యాసంగి వేరుశనగ రాబడి తగ్గిన తరువాత యార్డులో పని పలుచబడుతుంది. అడ్తీ దుకాణాల్లో పెట్టుబడి ఖాళీగా ఉంటుంది. అటువంటప్పుడు, కందులు ఆఫ్రికాలో చవుకగా ఉన్నవి గదా, నేరుగా అక్కడే కొంటే ఏమి అన్న ఆలోచన ఏ వర్తకునికైనా కలగడం సహజం. ఆ ఆలోచనలో పస లేకపోలేదు. అయితే లెక్క పూర్తిగా వేయవలసి ఉన్నది.

మలావీనే తీసుకుందాం. చిన్న దేశం, జనాభా సుమారు రెండు కోట్లు. అచ్చంపేట ప్రాంతం వలెనే అక్కడా వేరుశనగ, కంది, మొక్కజొన్న పండుతవి. దక్షిణ మలావీ రైతు మొక్కజొన్నలో కందిని అంతరపంటగా వేస్తాడు. వారికి ప్రధానమైన కొనుగోలుదారు భారతదేశమే.

అనుకూలాలు మూడున్నవి. మొదటిది, కాలం. అక్కడ జులై, సెప్టెంబర్‌ల మధ్య కోత. మన కొత్త కందులు యార్డుకు చేరేది డిసెంబర్ ఆఖరు నుంచి. ఈ నడుమ మిల్లులకు సరుకు కొరత. రెండవది, మన అవసరం. 2023–24లో దేశంలో కంది దిగుబడి సుమారు 34 లక్షల టన్నులు మాత్రమే. వాడకం అంతకు చాలా ఎక్కువ. మూడవది, ప్రభుత్వ అవగాహన. 2021లో కుదిరిన ఒప్పందం ప్రకారం 2025–26 వరకు ఏటా 50 వేల టన్నుల మలావీ కందులకు దారి ఏర్పడింది.

ఇక చిక్కులు. మలావీకి సముద్రం లేదు. లింబే, బ్లాంటైర్ గోదాముల నుంచి సరుకు మొజాంబిక్‌లోని నకాలా లేదా బెయిరా రేవుకు చేరాలి. అక్కడ ఓడ ఎక్కి నవా షేవాలో దిగాలి. 2023 చివర ఒక న్యాయ వివాదం వల్ల నకాలా రేవులో మన దేశానికి రావలసిన కందులు వారాల తరబడి నిలిచిపోయినవి.

నిలిచిన సరుకు ఖరీదెంతో ఒక ఉదాహరణ చాలు. ఒక కంటెయినర్‌లో 240 క్వింటాళ్లు, క్వింటాలు రూ. 7,000 అనుకుందాం. పెట్టుబడి రూ. 16,80,000. నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున నెలకు రూ. 25,200. అంటే నెల ఆలస్యానికి క్వింటాలుపై రూ. 105 అదనపు భారం. రెండు నెలలు ఆగితే రూ. 210. గోదాము అద్దె, రేవు కిరాయి వేరు.

నాణెం సంగతి మరొకటి. 2023 నవంబర్‌లో మలావీ రిజర్వు బ్యాంకు క్వాచా విలువను ఒక్కసారిగా 44 శాతం తగ్గించింది. డాలర్లు చేత పట్టుకున్న వానికి అది లాభం. క్వాచాల్లో ముందుగా బయానా ఇచ్చి కూర్చున్న వానికి నష్టం. పల్లెల్లో నేరుగా కొందామంటే అదీ సులభం కాదు. 1970ల్లోనే ఆసియా సంతతి వర్తకులను అక్కడి ప్రభుత్వం పల్లెల నుంచి పట్టణాలకు పరిమితం చేసింది. 2012లోనూ విదేశీయుల వ్యాపారంపై అటువంటి ఆంక్షలే అమలు చేసింది. స్థానిక దళారి లేనిదే బేరం సాగదు.

అన్నింటికన్న పెద్ద ప్రమాదం మాత్రం ఢిల్లీలోనే ఉన్నది. 2016–17లో దేశంలో కందులు విపరీతంగా పండినవి. 2017 ఆగస్టులో దిగుమతులను ఏడాదికి 2 లక్షల టన్నులకు కట్టడి చేశారు. మలావీలో ధర కుప్పకూలింది. తిరిగి 2021 మేలో తలుపులు తెరిచారు. ఒక్క ప్రకటనతో బేరం తలకిందులయ్యే సరుకు ఇది. మన రైతు ధర పడిపోయినప్పుడు కట్టడి చేయక తప్పదు. దానిని తప్పు పట్టలేము. వర్తకుడు మాత్రం ముందే లెక్కలోకి తీసుకోవాలి.

కనుక చిన్న పెట్టుబడిదారు లింబేకు టికెట్టు కొనడం కన్న, నవా షేవాలో దిగిన సరుకును నమూనా చూసి, తేమ చూసి, ఒకటి రెండు కంటెయినర్లు కొనడం మేలు. నలుగురైదుగురు కలిసి కొంటే కిరాయి కలిసివస్తుంది. డిసెంబర్ దాటితే మాత్రం నిల్వ ఉంచరాదు. కొత్త పంట రాగానే ధర వంగుతుంది.

మలావీ నుంచి నేర్వవలసిన పాఠం ఇంకొకటి ఉన్నది. ఒకప్పుడు ఆ దేశపు వేరుశనగకు ఐరోపాలో మంచి గిరాకీ. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ విషం కారణంగా ఆ మార్కెట్టు చేజారింది. పోయిన పేరు దశాబ్దాలు గడిచినా పూర్తిగా తిరిగి రాలేదు. అచ్చంపేట కాయ ఎండలో బాగా ఆరితేనే బరువైన ధర పలుకుతుంది. తడి కాయను పొడి కాయలో కలిపి బస్తా కుట్టే అలవాటు ఎక్కడున్నా దానిని మానడం ఆఫ్రికా ప్రయాణం కన్న చవుకైన వ్యాపారం.