షార్ట్ ఫిల్ముల్లో హెచ్చుతగ్గులేవి?

యూట్యూబ్‌లో ఈమధ్య వస్తున్న తెలుగు షార్ట్ ఫిల్ములు, ప్రయోగమని చెప్పుకునేవి సైతం, చాలావరకు ఒకే నడకలో సాగిపోతున్నాయి. అన్నీ ఇంచుమించు ఒకే నిడివి షాట్లు, టైటిల్ నుంచి చివరి పేర్ల దాకా ఆగని నేపథ్య సంగీతం. కెమెరా పనితనం మెరుగుపడింది, నటులూ బాగా చేస్తున్నారు. అయినా చూసిన కాసేపటికే ఏ దృశ్యమూ గుర్తుండదు. డబ్బు చాలకపోవడం వల్ల వచ్చిన లోపం కాదిది, హెచ్చుతగ్గులు లేకపోవడం వల్ల వచ్చింది. షాట్‌కు దానంతటదిగా పొడవూ పొట్టీ ఉండవు. పది సెకన్ల షాట్ రెండు సెకన్ల షాట్ల నడుమ పడితే ఎంతో సేపు నిలిచినట్టుంటుంది, నిమిషం షాట్ పక్కన పడితే ఇట్టే అయిపోతుంది. శబ్దమూ అంతే. ఎడతెగని సంగీతాన్ని కాసేపటికి చెవి పట్టించుకోవడం మానేస్తుంది.

ఫ్రెంచ్ దర్శకుడు క్రిస్ మార్కర్ 1962లో తీసిన ‘లా జెతే’ చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. 28 నిమిషాల సినిమా, దాదాపు మొత్తం కదలని ఫొటోలే. మూడో ప్రపంచయుద్ధంలో పారిస్ నాశనమవుతుంది. చిన్నప్పుడు ఓర్లీ విమానాశ్రయంలో చూసిన స్త్రీ ముఖాన్ని మరచిపోలేని ఒక ఖైదీని నేలమాళిగలో పెట్టి, కాలంలో వెనక్కి పంపే ప్రయోగాలు చేస్తారు. అక్కడ వినిపించేవి గుండె చప్పుడూ, జర్మన్ గుసగుసలూ. సగం దాటాక, పడక మీద నిద్రపోతున్న ఆ స్త్రీ ఫొటోలు ఒకదాంట్లోకి ఒకటి కరుగుతూ వస్తాయి. వ్యాఖ్యాత మాట్లాడడు. పక్షుల కిలకిల పెరిగి పెరిగి గది నిండిపోతుంది. అప్పుడామె కళ్లు తెరిచి రెప్పలల్లారుస్తుంది. సినిమా అంతటికీ నిజంగా కదిలే షాట్ అదొక్కటే, అదీ కొన్ని సెకన్లే. మరుక్షణం ప్రయోగాలు చేసేవాడి ముఖం, పక్షుల సడి చటుక్కున మాయం. రెప్పలార్చడంలో వింతేముంది? అప్పటిదాకా ఏదీ కదలలేదు కాబట్టే గుండె ఝల్లుమంటుంది.

ఆస్ట్రియా దర్శకుడు పీటర్ కుబెల్కా ఇంకా ముందుకెళ్లాడు. 1960 నాటి ‘ఆర్నుల్ఫ్ రైనర్’లో నల్ల ఫ్రేములు, తెల్ల ఫ్రేములు, హోరు, నిశ్శబ్దం తప్ప మరేమీ లేవు. అందరూ అంత దూరం పోవాలని నేననను. హెచ్చుతగ్గులకు తమంతట తాముగా ఎంత బలముందో తెలియడానికి ఆ ఆరున్నర నిమిషాలు చాలు.

షాట్ నిలబెడితే, సంగీతం ఆపితే ప్రేక్షకుడు వేలితో తోసేసి పోతాడని మన కుర్ర దర్శకుల భయం. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ నేనడిగేది నెమ్మదితనం కాదు, తేడా. చకచకా సాగే షాట్ల మధ్య మూడు సెకన్ల నిశ్శబ్దం తెర మీదికి చూపును లాగుతుంది. ఫోన్ స్పీకర్లో సన్నని శబ్దాలు వినపడవన్న మాటా నిజమే. అయితే శబ్దం ఉండటానికీ లేకపోవడానికీ మధ్య తేడా ఎంత నాసి స్పీకర్లోనైనా తెలుస్తుంది. ఇదంతా గిమ్మిక్కు అనేవాళ్లూ ఉన్నారు. ఎక్కడ పడితే అక్కడ వాడితే గిమ్మిక్కే. మార్కర్ ఆ కదలికను జ్ఞాపకం ప్రాణం పోసుకునే చోటికే దాచాడు, మళ్లీ వాడలేదు.

షార్ట్ ఫిల్మ్ తీస్తున్న మిత్రులకు ఒక్క విన్నపం. ఎడిటింగ్ ముగించే ముందు సంగీతం ట్రాక్ పూర్తిగా తీసేసి ఒకసారి చూడండి. ఏ షాట్ నిలబడగలదో, ఎక్కడ శబ్దం నిజంగా కావాలో తేల్చుకున్నాకే దాన్ని తిరిగి పెట్టండి.