ఆ పల్చటి పొర ఎవరు చేస్తారండీ?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో ఏ రిపేరు షాపులోనైనా పాడైన ఎల్‌సీడీ ఒకటి అడిగి, పైపొర ఊడబీకి చూడండి. వెలుగుంటుంది, బొమ్మ ఉండదు. ఆ పొరని కళ్ళకి అడ్డం పెట్టుకుంటే మళ్ళీ బొమ్మ ప్రత్యక్షం! అదే పోలరైజర్.

ఏముంది అందులో? పాలీవినైల్ ఆల్కహాల్ ఫిల్ముకి అయోడిన్ పట్టించి, ఐదారు రెట్లు సాగదీస్తారు. అణువుల గొలుసులన్నీ ఒకే వైపు తిరిగి, అయోడిన్ వాటి వెంబడి బారులు తీరుతుంది, ఆ దిశలో ఊగే కాంతిని మింగేస్తుంది. ఎడ్విన్ లాండ్ 1938లోనే చేసి చూపించాడు. కిలోమీటర్ల పొడవునా మచ్చా ముడతా లేకుండా సాగదీయడమే అసలు విద్య. ఆ మూల ఫిల్ములో సింహభాగం జపాన్ కంపెనీ కురారేదే.

2022 జూన్‌లో తెలంగాణకి 24,000 కోట్ల డిస్‌ప్లే ఫ్యాబ్ అని ఒప్పందం కుదిరితే మా సాఫ్ట్‌వేర్ జనాలు అంకె చూసి చప్పట్లు కొట్టారు. మరి పొరో అంటే, "అదెంత, ఇంపోర్ట్ చేసుకుంటాం"ట! గాజూ తెచ్చి, పొరా తెచ్చి, బిగించేసి మేమే చేశామంటే సరా?

1944లో నిజాం జమానాలో మొదలైన ల్యాబు ఇప్పుడు ఐఐసీటీ పేరుతో తార్నాకలోనే ఉంది, పాలిమర్ల విభాగంతో సహా. ఊరి చుట్టూ మందుల కంపెనీల నిండా కెమిస్టులే. సాగదీసే లైను ఒక్కటి పెట్టి, నాలుగైదేళ్ళు స్క్రాప్ భరించే ఆసామిని చూపించండి. ఫ్యాబ్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.