చుట్టల వేట

తపాలా బిళ్ళలు పోగుచేసేవాళ్ళున్నారు. పాత నాణేలు పోగుచేసేవాళ్ళున్నారు. వాళ్ళని చూసి యెవరూ నవ్వరు. నేను పాత చుట్టలు పోగుచేస్తానంటే మాత్రం యెదుటివాడు ముందు నా పెదవులవంక చూస్తాడు. తరవాత మా ఆవిడవంక జాలిగా చూస్తాడు.

నేను చుట్ట కాల్చనండీ! మా నాన్నగారు రోజుకి ఆరు కాల్చేవారు. ఆ దగ్గుతోనే పోయారు. ఆయన పెట్టె సర్దుతూంటే అడుగున రెండు లంక చుట్టలు దొరికాయి. పారేయబోయి, వాసన చూసి, దాచేశాను. నా పిచ్చికి అదే శ్రీకారం.

యీ పిచ్చి నా వొక్కడిదే కాదు లెండి. 1962 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ క్యూబా సరుకుని నిషేధించాడు. సంతకం చేసే ముందు తన పత్రికా కార్యదర్శి శాలింజర్‌ని పిలిచి, తెల్లవారేలోగా వెయ్యి హవానా చుట్టలు తెమ్మన్నాడట. ఆయన 1,200 తెచ్చాడు. అప్పుడు గాని సంతకం పడలేదు! ఆ నిషేధానికి ముందు చుట్టిన హవానా పెట్టెలకోసం లండన్‌లో వేలంపాటలు జరుగుతాయి.

మన చుట్టలు మాత్రం తీసిపోయాయా? ఇంగ్లీషువాళ్ళ ‘చెరూట్’ అన్న మాట అరవంలోని ‘శురుట్టు’ నుంచి వచ్చిందే. యూల్, బర్నెల్ దొరలు 1886లో అచ్చువేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో గోదావరి లంకల పొగాకుతో చుట్టిన చుట్టకి విడిగా వొక మాటే వుంది. కానన్ డాయిల్ 1890లో అచ్చువేసిన నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిద చూసి పొగాకు జాతి చెబుతానంటూ, మన లంక చుట్టని పేరు పెట్టి మరీ తలుస్తాడు. వరద తీశాక ఒండ్రుమీద పెరిగిన ఆకు లండన్ డిటెక్టివు నోట పడిందన్నమాట!

హవానా పెట్టెకి ముద్ర వుంటుంది, చీటీ వుంటుంది. లంక చుట్ట అలా కాదు. రైతు అరుగుమీద కూర్చుని తనకోసం చుట్టుకున్నదానికి పేరూ వుండదు, తారీఖూ వుండదు. ఆ మనిషి పోతే యింట్లోవాళ్ళు పెంటమీద పారేస్తారు. అందుకే నా వేట అంగళ్ళలో సాగదు, అటకలమీద సాగుతుంది.

పోయినేడు కోనసీమలో వొక లంక గ్రామంలో పాత చుట్టల కట్ట వుందని విని, రేవు దాటి వెళ్ళాను. యింటావిడ పండు ముసలి. సంగతి విని, లోపలికెళ్ళి, గుడ్డలో చుట్టిన కట్ట తెచ్చింది. నల్లగా, బిర్రుగా, వేలెడంత చుట్టలు. నా గుండె దడదడలాడింది.

‘‘మామ్మగారూ, యెంతకిస్తారు?’’ అన్నాను.

‘‘అమ్మేవి కావు బాబూ. ఆయన పోయేనాటికి నలభై వున్నాయి. యేటా తిథినాడు వొకటి ముట్టించి అరుగుమీద పెడతాను. కాసేపు రగిలి ఆరిపోతుంది. ఆ కాసేపూ ఆయన అరుగుమీద వున్నట్టే వుంటుంది. యిప్పటికి పదకొండు మిగిలాయి.’’

నేను లేవబోయాను. ఆవిడ నావంక చూసి, ‘‘యింత దూరం వచ్చావు, వొకటి పట్టుకెళ్ళు. పదేళ్ళు చాల్లే నాకు’’ అంది.

తీసుకున్నాను. వద్దనాల్సింది. వేటగాడికి ఆ బుద్ధి వుంటుందా?

కొత్తగా తెచ్చిన చుట్టని పాతవాటితో వెంటనే కలపకూడదు. పొగాకు పురుగు అని గోధుమరంగు పురుగొకటి వుంది. ఆవగింజకంటే కాస్త పెద్దది. దాని గుడ్లు ఆకులో వుంటే కంటికి ఆనవు. చుట్టని గాలి చొరకుండా చుట్టి, కొన్నాళ్ళు గడ్డకట్టే చలిలో వుంచితే చస్తాయి. యీ సంగతి పదిమందికి చెప్పినవాణ్ణి నేనే. ఆ రాత్రి మాత్రం ఆత్రం కొద్దీ మామ్మగారి చుట్టని తిన్నగా నాన్నగారి చుట్టల పక్కన పెట్టి మూత వేశాను. దానికి గుండుసూది మోపినంత బెజ్జం వుంది. చూశాను, చూసీ వూరుకున్నాను.

మూడు నెలల తరవాత పెట్టె తెరిస్తే సగం చుట్టలు జల్లెడలయ్యాయి. నాన్నగారి చుట్ట వొకటి వేళ్ళమధ్య పొడి అయిపోయింది. రెండోదానికి నాలుగు చిల్లులు. తల పట్టుకుని కూర్చున్నాను. పెట్టెని యిన్నాళ్ళూ తిట్టిపోసిన మా ఆవిడ వచ్చి, ఆ పొడి చీపురుతో తుడవకుండా, చేత్తో యెత్తి కుంకుమ భరిణెలో పోసింది.

మొన్న నాన్నగారి తిథి. భోక్తలు వెళ్ళాక మా ఆవిడ ఆ మిగిలిన చుట్టా, అగ్గిపెట్టే తెచ్చి నా చేతిలో పెట్టింది. వసారాలో కూర్చుని ముట్టించాను. చిల్లుల్లోంచి గాలి పోయి సరిగా అంటుకోలేదు. జన్మలో మొదటిసారి గట్టిగా వొక దమ్ము లాగి, వుక్కిరిబిక్కిరై దగ్గాను. పొగ లోపలికి వెళ్ళింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ‘‘మావయ్యగారు వచ్చినట్టుందండీ’’ అంది మా ఆవిడ.