రాయి వాళ్ళకి, దుమ్ము మనకి

మొన్న అటక సర్దుతుంటే మా అమ్మాయి అక్షరాభ్యాసం నాటి పలక దొరికింది. చెక్క చట్రం వదులైంది కానీ రాయి ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది. మా మార్కాపురం పలకే మరి!

తర్వాత పుట్టిన బాబుకి మాత్రం ప్లాస్టిక్ పలక కొన్నాను, కింద పడినా పగలదని. నాలాంటి అమ్మలందరూ అలాగే అనుకున్నారేమో, బడి పలకకి గిరాకీ పడిపోయింది. ఇప్పుడు అదే రాయి గోడలకీ గచ్చుకీ వేసే డిజైన్ పలకలై విదేశాలకి ఓడలెక్కుతోంది.

పని దొరికింది, కాదనను. కానీ అక్కడెక్కడో ఆర్డర్లు తగ్గితే ఇక్కడ కూలీకి వెళ్ళే అక్కకి పని ఉండదు. రాయి కోసేటప్పుడు లేచే సన్నటి పొడిని ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. ఆ దుమ్ము బట్టలు దులిపి ఉతికేదీ ఆడవాళ్ళే. క్వారీల పక్కన పనికిరాని రాతిముక్కల గుట్టలు సరేసరి. ఫ్లోరైడ్ నీళ్ళతో ముందే అవస్థపడే పశ్చిమ ప్రకాశానికి ఇదొకటి.

కొనేవాళ్ళు ఇచ్చే ధరలో ఇవేవీ ఉండవు. ఎగుమతులు ఆపమనడం లేదు. దుమ్ము లేవకుండా నీళ్ళు పోస్తూ కోయడం, మంచి మాస్కు, ఏటా ఛాతీ పరీక్ష, వీటి ఖర్చు కూడా ఆ ధరలో కలవాలంటున్నాను.

మీ ఇంట్లో అక్షరాభ్యాసం ఉంటే రాతి పలకే కొనండి. ఒక్క పలకతో అంతా మారిపోదు, నిజమే. కానీ ఆ రాయికి మన ఊళ్ళలోనూ గిరాకీ ఉంటే, కూలి తల్లి ఓడ కోసం ఎదురుచూడాల్సిన రోజులు కొన్నైనా తగ్గుతాయి కదా!